కాపరి మాట: వేలంపాట సొమ్ము



పోయిన క్రిస్మసు సెలవులకు మా సంఘములో పెరిగిన ఒక యౌవనస్థుడు అమెరికా నుండి చెన్నూరు వచ్చాడు. సండేస్కూలులో కంఠత వాక్యము అప్పగించలేక మా చేత చెవి మెలిపెట్టించుకున్న పిల్లవాడే. ఇప్పుడు కంప్యూటరు ఉద్యోగము, భార్య, ఒక పాప. ఆరాధన ముగిసిన తరువాత అందరూ వెళ్లేదాకా ఆగి, చెప్పులు విడిచే చోట నిలబడి మమ్ములను ఒక మాట అడిగాడు.

అతడు పనిచేసే ఊరిలో ఒక సాయంత్రము విస్కీ రుచి చూచే పండుగ ఒకటి జరిగిందట. టికెట్టు కొని లోపలికి వెళ్లాలి. బల్లల మీద రకరకాల సీసాలు పెట్టి, చిన్న గాజు గ్లాసులో ఒక గుక్క మాత్రమే పోస్తారు. ముందు వాసన చూడాలి, తరువాత నాలుక మీద కొంచెముసేపు ఉంచాలి. మింగుట ఇష్టము లేనివారు ఉమ్మివేయుటకు ప్రక్కనే ఒక పాత్ర కూడా ఉంటుందట. ఎవరూ తూలరు, ఎవరూ అరవరు. మిగిలిన సొమ్మంతయు తల్లిదండ్రులు లేని పిల్లల పోషణకు ఇస్తారట. "నేను పోయిన అయ్యగారూ. రెండు గుక్కలు తాగిన. పైసలైతే మంచి పనికే పోయినయి. మరి నేను చేసింది తప్పంటరా?"

ఇటువంటి ప్రశ్నకు కాపరుల దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధముగానే ఉంటుంది. వేదపాఠశాలలో మాకు నేర్పినది అదే. అయితే ఆ దినమున మా నోట మాట వెంటనే రాలేదు. ఎందుకనగా దానికి రెండు నెలల ముందే, దసరా రోజులలో, మేమే ఒక మద్యపు వేలంపాటలో ముందు వరుస కుర్చీలో కూర్చుని వచ్చియున్నాము. ఆ సంగతి ఈ నెల దాచకుండా వ్రాయవలెనని నిశ్చయించుకున్నాము.

మన ఉత్తర తెలంగాణలో, ముఖ్యముగా నిజామాబాదు, నిర్మల్, జగిత్యాల వైపు, గ్రామాభివృద్ధి కమిటీ అంటే ఏమిటో పాఠకులకు చెప్పనవసరము లేదు. పంచాయతి వేరు, ఈ కమిటీ వేరు. చట్టములో దీనికి అధికారమేమీ లేదు గాని ఊరిలో దీని మాటే చెల్లుతుంది. గుడి కట్టినా, బడికి ప్రహరీ పెట్టినా, బోరు వేయించినా డబ్బు సమకూర్చేది వీరే. ఆ డబ్బు వేలంపాటలో వస్తుంది. కోడి మాంసము అమ్ముకొనే హక్కు ఒకరికి, కిరాణా హక్కు ఒకరికి, అన్నిటికన్న ఎక్కువ ధర పలికేది బెల్టు షాపు. లైసెన్సు దుకాణము నుండి సీసాలు తెచ్చి ఊరిలో అమ్మే ఆ బెల్టు షాపు చట్టవిరుద్ధమని పాడేవానికీ తెలుసు, పాడించేవారికీ తెలుసు.

చెన్నూరుకు కొంత దూరములో మేము నెలకు రెండుసార్లు వెళ్లి ఆరాధన జరిపించే చిన్న సంఘమొకటి ఉన్నది. 22 కుటుంబములు. పత్తి ఏరుకొని, కూలికి వెళ్లి బ్రదికే వారు. ప్రార్థన మందిరము పైకప్పు పాత పెంకుటిల్లు. వానకాలములో వాక్యము చెప్పేటప్పుడు మేము మూడు చోట్లకు జరగవలెను. బల్ల మీద ఉన్న బైబిలు తడవకుండా దాని మీద స్టీలు పళ్లెము బోర్లించి పెట్టిన దినములు కూడా ఉన్నవి. అటువంటి సంఘమునకు ఆ ఊరి కమిటీ పెద్దలు కబురు పంపారు. ఈసారి వేలంపాట సొమ్ములో 40,000 రూపాయలు చర్చి రేకులకు ఇస్తాము, పాస్టరు గారు వచ్చి కూర్చుంటే బాగుంటుంది అని. ఇతర మతస్థులు మన మందిరమును తలంచుకొని పిలుచుట చిన్న విషయమా? మేము సంతోషముగా వెళ్లాము. ఏమేమి వేలము వేస్తారని ముందుగా అడుగలేదు. నిజము చెప్పవలెనంటే, అడుగకూడదనే అడుగలేదు.

చెట్టు క్రింద గద్దె ముందర కుర్చీలు వేశారు. మాకు మంచి కుర్చీ ఇచ్చి, చల్లని నీళ్ల సీసా చేతికిచ్చారు. కోడిమాంసము అయిపోయింది, కిరాణా అయిపోయింది. బెల్టు షాపు మాట రాగానే అంతవరకు బీడీలు కాలుస్తూ దూరముగా నిలబడినవారు కూడా దగ్గరకు వచ్చారు. లక్షా యాభైతో మొదలైన పాట మూడు లక్షల దగ్గర ఆగినది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. వెంటనే కమిటీ పెద్ద లేచి ఆ సొమ్ము పంపకము చదివాడు. హనుమాండ్ల గుడికి ఇంత, బడిలో నీళ్ల ట్యాంకుకు ఇంత, చర్చి రేకులకు 40,000. అందరూ చప్పట్లు కొట్టారు. మేము కూడా కొట్టాము.

ఇంటికి వచ్చిన రాత్రి ఒక పాత నోటుపుస్తకము వెనుక అట్ట మీద మేము ఒక లెక్క వేశాము. బెల్టు షాపువాడు క్వార్టరు సీసా మీద అసలు ధర కన్న 20 రూపాయలు ఎక్కువ తీసుకుంటాడని ఆ ఊరివారే చెప్పారు. మూడు లక్షలు కట్టినవాడు ఆ మూడు లక్షలు తిరిగి రాబట్టుకోవలెనంటే 15,000 సీసాలు అమ్మవలెను. అనగా ఏడాది పొడవునా, ఆదివారములతో సహా, దినమునకు 41 సీసాలు. అప్పటికి వానికి ఒక్క రూపాయి లాభము లేదు. లాభము కావలెనంటే ఇంకా అమ్మవలెను. చిన్న ఊరు అది. ఆ 41 సీసాలు ఎవరెవరి ఇండ్లలోనికి వెళ్లునో వ్రేళ్లమీద లెక్కపెట్టగలము. వాటిలో మా సంఘము గడపలు ఐదారు ఉన్నవి.

మరుసటి ఆదివారము సంఘపు కూటములో ఈ మాట పెట్టాము. పెద్దలలో ఒకరు, బాగా చదువుకున్నవారు, వెంటనే అడ్డు చెప్పారు. "అయ్యగారూ, గిట్ల చూస్తే మనం తినే రేషను బియ్యంల, ముసలోళ్ల పింఛనుల సుత సారా పైసలున్నయి. అది తీసుకుంటున్నం గద?" కొట్టివేయదగిన మాట కాదు ఇది. 2023లో మన రాష్ట్రములో 2,620 మద్యపు దుకాణములకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షల రూపాయలు. ఒక్క సీసా అమ్మకముందే, చీటీలు తీయకముందే, ప్రభుత్వమునకు 2,600 కోట్లకు పైగా చేరినది. ఆ సొమ్ము ఖజానాలో పడిన తరువాత ఏ రూపాయి ఎటు పోయినదో ఎవరు చెప్పగలరు? మేము ఆయనకు చెప్పిన జవాబు ఇది. కైసరు పన్ను వసూలు చేసి దానితో రోడ్డు వేస్తే ఆ రోడ్డు మీద నడచుట వేరు, వసూలు చేసే బల్ల దగ్గర మనమే కుర్చీ వేసుకొని కూర్చుని వాటా అందుకొనుట వేరు. ఆయన తల ఊపారు గాని పూర్తిగా ఒప్పుకున్నట్లు లేదు. మాకును ఆ రాత్రి అది పూర్తి జవాబుగా తోచలేదు.

అంతలో గీతవృత్తి చేసే సహోదరుడు లేచాడు. "మరి నా కానుక సంగతేంది?" అన్నాడు. కూటమంతా నిశ్శబ్దమైనది. పదేండ్లకు పైగా అతడు తాటి కల్లు అమ్మిన డబ్బులో దశమభాగము తెచ్చుచున్నాడు. మేము ఏనాడూ వద్దనలేదు. అతడు చెప్పినదేమనగా, చెట్టు దించిన కల్లు తప్ప తాను మరేమీ అమ్మలేదు, మందు కలపలేదు. కల్లులో క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, అల్ప్రాజోలము వంటి మత్తుమందులు కలుపుట మన జిల్లాలకు ఎంత చేటు తెచ్చినదో మీరెరుగుదురు. 2015లో అధికారులు కల్తీ కల్లును ఒక్కసారిగా అరికట్టినప్పుడు దానికి అలవాటుపడినవారు పిచ్చిచేష్టలు చేస్తూ, వణుకుతూ ఆస్పత్రుల పాలైరి. ఈ సహోదరుడు ఆ పని చేయలేదు గనుకనే బేరము తగ్గి నష్టపోయాడు. అతని కానుకను ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు మా సంఘములో ఇప్పటికీ తీర్మానము లేదు. అతడు తెచ్చుచునే ఉన్నాడు, మేము తీసుకొనుచునే ఉన్నాము. ఇది సరిపడదని ఎవరైనా పాఠకులు వ్రాసినయెడల మేము నొచ్చుకొనము.

కూటము ముగియబోవుచుండగా స్త్రీలవైపు నుండి ఒక సహోదరి మాట్లాడినది. ఆమె ఎప్పుడూ కూటములో నోరు విప్పినది కాదు. భర్త పత్తి కూలీ డబ్బు తెచ్చిన నాడు ఆ ఇంటిలో ఏమి జరుగునో వాడకంతటికీ తెలుసు. "అయ్యగారూ, మా ఆయన తాగిన సీసాల మీదికెల్లి ఇరవై రూపాయలు మిగిలిచ్చి గీ రేకులు కొంటున్నరు. వానొస్తే రేకుల మీద సప్పుడైతది గద. ఆ సప్పుడు కింద కూసొని నేనెట్ల ప్రార్థన చేసుకోవాలె?"

మా నోటుపుస్తకపు లెక్క అంతయు ఆమె ఒక్క మాటలో చెప్పివేసినది. మేము చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడ పెట్టుకోవలెనో తెలియలేదు.

దావీదు రాజు సంగతి అప్పుడు గుర్తుకు వచ్చినది. బేత్లెహేము బావి నీళ్లు త్రాగవలెనని అతడు ఆశపడగా ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండులో నుండి చొచ్చుకొనిపోయి తెచ్చిరి. ఆ నీళ్లలో దోషమేమీ లేదు, దాహము కూడా నిజమే. అయినను వాటి వెనుక మనుష్యుల ప్రాణమున్నదని అతడు త్రాగక పారబోసెను. మరియొకటి కూడా ఉన్నది, దీనిని మనము తరచుగా ప్రసంగించము. యూదా పారవేసిన ముప్పై వెండి నాణెములను యాజకులు కానుక పెట్టెలో వేయుటకు ఒప్పుకొనలేదు, రక్తపు సొమ్మని. కాని దానితో కుమ్మరివాని పొలము కొని పరదేశులను పాతిపెట్టుటకు ఇచ్చిరి. అది మంచి పనే! దిక్కులేని శవములకు చోటు దొరికినది. కానుక పెట్టె శుభ్రముగానే ఉన్నది. అయితే ఆ సొమ్ము ఎందుకు చెల్లించబడినదో, చెల్లించినవారెవరో వారికి తెలియదా? ధర్మకార్యము చేసి చేతులు తుడుచుకొనుట ఆనాటి నుండియే ఉన్నది.

మద్యము మీద వచ్చిన డబ్బుతో మేలు చేయుట ఒక్క మన ఊళ్లలోనే లేదు. విస్కీకి పుట్టిల్లని పేరుపొందిన స్కాట్లాండులో 2021లో అరుదైన విస్కీ సీసాలను వేలము వేసి, ఆ సొమ్మును బీద యువజనుల సహాయమునకు ఇచ్చారు. అక్కడ స్కాచి అనిపించుకోవలెనంటే ధాన్యముతో చేసి కనీసము 3 సంవత్సరములు చెక్క పీపాలో ఉంచవలెనని చట్టము. మన బెల్టు షాపులో విస్కీ పేరుతో అమ్మబడే చౌక సరుకులో ఎక్కువ భాగము చెరకు మడ్డి నుండి తీసిన సారాయికి రంగు, వాసన కలిపినదే. అక్కడ ఒక సీసాను లక్షలు పెట్టి కొన్నవాని పిల్లలు ఆ రాత్రి పస్తుండరు. ఇక్కడ 20 రూపాయలు ఎక్కువిచ్చి కొన్నవాని పిల్లలు ఉంటారు. ఈ భేదమును మేము కాదనము. అమెరికా నుండి వచ్చిన మా కుర్రవాడు కూడా ఇదే వాదించాడు. కానా ఊరి పెండ్లి సంగతి కూడా ఎత్తాడు, తిమోతికి పౌలు ఇచ్చిన సలహా ఎత్తాడు. సండేస్కూలులో మేము నేర్పినదంతా మాకే అప్పగించాడు. లేఖనములో ద్రాక్షారసము లేదని మేము బుకాయించము. నోవహు గుడారము సంగతి, రేకాబీయుల సంగతి కూడా అదే గ్రంథములో ఉన్నవని మాత్రము చెప్పాము.

ప్రభువు బల్ల దగ్గర మనము పులియని ద్రాక్షరసము వాడుటకు కూడా ఒక చరిత్ర ఉన్నది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అను మెథడిస్టు విశ్వాసి, వృత్తికి దంతవైద్యుడు, ద్రాక్షరసమును వేడిచేసి పులియకుండ సీసాలలో నిలువ చేయు పద్ధతి కనుగొనెను. సంస్కారపు గిన్నెలో మద్యము ఉండకూడదని ఆయన పట్టుదల. మన పల్లె సంఘములలో ఎండుద్రాక్ష నానబెట్టి పిండి తీసే తల్లులకు ఆయన పేరు తెలియదు గాని వారు చేయునది ఆ పనియే.

మేము బడికి వెళ్లే దినములలో ఇది మగవారి సంగతి అనుకొనేవారము. సర్కారే వారుణి వాహిని అని పేరు పెట్టి పొట్లాలలో సారా అమ్మించిన కాలము అది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన కూలి స్త్రీలు 1992 నాటికి సారా పాటలనే ఆపించారు. వర్ధినేని రోశమ్మ అను దూబగుంట రోశమ్మ పేరు ఆ రోజులలో పేపర్లలో చదివాము. వారు అడ్డుపడినది కూడా వేలంపాటకే అని గమనించండి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషేధమైనది, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో ఎత్తివేయబడినది. దొంగసారా పెరిగినది, ఖజానా ఖాళీ అయినదని కారణములు చెప్పారు. అందులో అబద్ధము లేదు. ఆ రెండేండ్లు మా వాడలో జీతము దినమున రాత్రిపూట ఏడ్పులు తగ్గినవన్నది కూడా అబద్ధము కాదు.

చివరకు మా పల్లె సంఘము ఆ 40,000 వద్దని చెప్పుటకు నిర్ణయించుకున్నది. చెప్పుటకు మేమే వెళ్లాము. సులభము కాలేదు. కమిటీ పెద్ద చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మేం గుడికి సుత ఇచ్చినం, మీకు సుత ఇచ్చినం. మీరే మంచోళ్లు, మేం చెడ్డోళ్లమా అయ్యగారూ?" అన్నాడు. ఆయన మంచి మనిషి. కరోనా దినములలో మన వాడకు బియ్యము మోసుకొని వచ్చినవాడు. కూర్చున్నప్పుడే వద్దనియుంటే ఆయనకు ఇంత నొప్పి కలుగకపోవును. ఆ తప్పు మాది అని చెప్పి క్షమాపణ అడిగాము. టీ త్రాగి వచ్చాము గాని ఆ తరువాత రెండు నెలలు మమ్ములను చూచి ఆయన ముఖము త్రిప్పుకున్నారు.

మరి రేకులు? మన పెద్దల కాలములో మందిరములు ఎట్లు లేచినవో తెలిసినదే. మెదకు మహాదేవాలయము 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠించిరి. కరువు దినములలో పాస్నెట్ దొరగారు ఆకలిగొన్నవారికి పని ఇచ్చి, పనికి తిండి పెట్టి దానిని కట్టించిరి. మనకు దొరగారు లేరు, ఆ మందిరమంతటి పనియు లేదు. అందుచేత స్త్రీలు పిడికెడు బియ్యము మొదలుపెడతామన్నారు. వంటకు బియ్యము పోసినప్పుడెల్ల ఒక పిడికెడు వేరే డబ్బాలో వేయవలెను. మేము మరల లెక్క వేశాము. ఇంటికి దినమునకు 100 గ్రాములైతే 22 ఇండ్లకు నెలకు 66 కిలోలు. కిలో 25 రూపాయలకు పోయినా నెలకు 1,650. నలభై వేలకు రెండేండ్లు. అనగా ఇంకను రెండు వానకాలములు.

రేషను బియ్యము కలపవద్దు, దానిని అమ్ముట నేరము అని ఒక పెద్ద హెచ్చరించగా వెనుక నుండి ఒక అవ్వ, "రేషను గాక మాకు వేరే బియ్యం ఏడియి బిడ్డా?" అన్నది. అందరూ నవ్విరి. సొంత వరి ఉన్నవారు బియ్యము, లేనివారు వారమునకు రెండు కోడిగ్రుడ్లో పది రూపాయలో అని సర్దుకున్నారు. అందుచేత మా లెక్క కూడా తప్పినది. నెలకు పన్నెండు వందలు దాటుట లేదు.

ఇదంతా చెప్పులు విడిచే చోటనే ఆ యౌవనస్థునికి చెప్పాము. పిల్లలకు ఇవ్వవలెనని ఉంటే టికెట్టు డబ్బు నేరుగా ఆ పిల్లలకే పంపి సాయంత్రము ఇంటిలో పాపతో ఉండుమన్నాము. "గ్లాసు లేకపోతే అండ్ల సగం మంది పైస ఇయ్యరు అయ్యగారూ" అన్నాడు. నిజమే కావచ్చును. అది వారి సంగతి, నీ సంగతి అడిగితివి గనుక చెప్పాము అన్నాము. అతడు వెళ్లకముందు మందిరము రేకుల ఖర్చంతా తానే పంపుతానన్నాడు. పెద్దలకు ప్రాణము లేచి వచ్చినది. స్త్రీలు మాత్రము మొదలుపెట్టిన డబ్బా మధ్యలో ఆపమన్నారు. చివరకు ఇనుప పైపుల ఖర్చు అతనిది, రేకులు పిడికెడు బియ్యముతో అని కుదిరినది. పైపులు వచ్చి గోడకు ఆనించి ఉన్నవి.

ఈ వ్యాసము వ్రాయు నాటికి డబ్బా సొమ్ము 11,400 అయినది. బెల్టు షాపు నడుచుచునే ఉన్నది. మొన్న ఆదివారము మంచి వాన కురిసినది. బైబిలు మీద పళ్లెము బోర్లించి, మేము కుడివైపు గోడ దగ్గరకు జరిగి వాక్యము ముగించాము. ఆ సహోదరి భర్త గుమ్మము బయట చూరు క్రింద నిలబడి కడవరకు విన్నాడు. లోపలికి రమ్మని పిలిచాము. "లోపల సుత కురుస్తుంది గద అయ్యగారూ" అన్నాడు.